టూంబ్ రైడర్ చేసిన కోర్ డిజైన్ ఎందుకు మూతపడింది? ఒక్క గేమ్ పోయినంత మాత్రానేనా?

బెజవాడ_గేమర్ అడిగారు:

అందరికీ నమస్తే. మొన్న సేల్‌లో టూంబ్ రైడర్ 1, 2, 3 రీమాస్టర్ (పాత గేమ్స్‌నే బొమ్మలు మెరుగుపరిచి మళ్లీ వదిలింది) కొన్నాను. మా బాబాయి వాళ్ల ఇంట్లో 2000 ప్రాంతంలో కంప్యూటర్ కొన్నప్పుడు వేసవి సెలవులంతా మా అన్నయ్య టూంబ్ రైడర్ 2 ఆడేవాడు, నేను పక్కన స్టూలు వేసుకుని చూసేవాణ్ణి. నా వంతు వస్తే లెవెల్స్ జోలికి పోకుండా హీరోయిన్ లారా క్రాఫ్ట్ ఇంట్లోనే తిరుగుతూ, ట్రే పట్టుకుని వెనకాలే వచ్చే ముసలి బట్లర్‌ని ఫ్రీజర్ గదిలోకి రప్పించి తలుపు వేసేసేవాణ్ణి. ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాక మళ్లీ మొదలుపెట్టగానే కోర్ డిజైన్ అనే పేరు కనపడింది. అప్పట్లో ఆ పేరు పట్టించుకున్నదే లేదు.

వెతికితే అది ఇంగ్లండులో డెర్బీ అనే మామూలు ఊళ్లో పుట్టిన చిన్న స్టూడియో అని, టూంబ్ రైడర్‌ని 2003లో వాళ్ల చేతిలోంచి తీసేసుకున్నారని, 2010కల్లా అసలు ఆఫీసే లేకుండా పోయిందని తెలిసింది. నాకు నిజంగా బాధేసింది. ప్రపంచమంతా గుర్తుపట్టే పాత్రని సృష్టించినవాళ్లు ఆ తర్వాత పదిహేనేళ్లు కూడా నిలబడలేకపోవడం ఏమిటి? చాలాచోట్ల "ఏంజెల్ ఆఫ్ డార్క్‌నెస్ (2003లో వచ్చిన ఆరో టూంబ్ రైడర్) ఫ్లాప్ అయింది కాబట్టి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. అంతకు ముందు ఐదు గేమ్స్ హిట్ ఇచ్చినవాళ్లని ఒక్క ఫ్లాప్‌కే పక్కన పెడతారా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. పెద్దగా రాసినా పర్లేదు, మొత్తం చదువుతాను.

---

పాతకన్సోల్ రాశారు:

తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. ఆ "ఒక్క ఫ్లాప్" కథ నాకు ఎప్పుడూ నచ్చదు, అది జబ్బు వదిలేసి జ్వరం గురించి మాట్లాడటమే. మొదటి నుంచీ చెప్తాను.

కోర్ డిజైన్ 1988లో మొదలైంది. అంతకుముందు షెఫీల్డ్‌లోని గ్రెమ్లిన్ గ్రాఫిక్స్ అనే కంపెనీకి డెర్బీలో ఒక చిన్న ఆఫీసు ఉండేది, అక్కడ పనిచేసిన కొందరు కలిసి సొంతంగా పెట్టుకున్నారు, వాళ్లలో జెరెమీ హీత్-స్మిత్ తర్వాత మొత్తం నడిపిన మనిషి అయ్యాడు. 1989లో రిక్ డేంజరస్ చేశారు, టోపీ పెట్టుకుని గుహల్లోకి దూరి ఉచ్చుల మధ్య పరిగెత్తే హీరో, అంటే లారాకి ఏడేళ్ల ముందే ఆ ఇంట్లో ఆ పిచ్చి ఉంది. 1991లో చక్ రాక్. తర్వాత సెగా వాళ్ల మెగా-సీడీ మీద థండర్‌హాక్ అనే హెలికాప్టర్ గేమ్, ఆ రోజుల్లో ఆ యంత్రం మీద అంత సాఫీగా కదిలే 3డీ చూపించినవాళ్లు చాలా తక్కువ. నా ఉద్దేశంలో టూంబ్ రైడర్‌కి అసలు పునాది అక్కడే పడింది, కొత్త యంత్రం వస్తే భయపడకుండా దాని లోతు చూసే అలవాటు వాళ్లకి అప్పుడే వచ్చింది.

టూంబ్ రైడర్ ఆలోచన టోబీ గార్డ్ అనే కుర్ర ఆర్టిస్టుది. పాల్ డగ్లస్ ప్రోగ్రామింగ్‌లో తోడు. తర్వాత గావిన్ రమ్మరీ, జేసన్ గోస్లింగ్, నీల్ బాయిడ్, హెదర్ గిబ్సన్ చేరారు. ముఖ్యమైన టీమ్ అంతే, ఆరుగురు. రమ్మరీ రాసిన రూమ్ ఎడిటర్ లేకపోతే ఆ గేమ్ లేదు, లెవెల్ చేసేవాళ్లు గదులని గళ్ల మీద కట్టి వెంటనే ఆడి చూసుకునేవాళ్లు. లారా పేరు కూడా మొదట లారా క్రూజ్, దక్షిణ అమెరికా అమ్మాయి, తర్వాత ఇంగ్లీషు దొర కుటుంబం అమ్మాయిగా మార్చారు.

ఇక్కడే ఒక విషయం గుర్తుపెట్టుకో. ఈ గేమ్ తయారవుతుండగానే స్టూడియో చేతులు మారింది. 1994లో సెంటర్‌గోల్డ్ అనే కంపెనీ కోర్‌ని కొంది, 1996లో ఈడోస్ అనే గేమ్ పబ్లిషర్ వచ్చి ఆ సెంటర్‌గోల్డ్‌ని కొనేసింది. అంటే ఈడోస్‌కి లారా ఆ మూటలో భాగంగా వచ్చింది, వాళ్లు వెతికి పట్టుకుని డబ్బు పెట్టిన గేమ్ కాదు. 1996 అక్టోబరులో యూరప్‌లో సెగా వాళ్ల సాటర్న్ కన్సోల్ మీద, తర్వాత ప్లేస్టేషన్, పీసీల మీద వచ్చింది. ఆ తర్వాత సంగతి నీకు తెలుసు. పత్రికల కవర్ల మీద, ప్రకటనల్లో, ఎక్కడ చూసినా లారానే.

సృష్టించిన టోబీ గార్డ్ మాత్రం 1997లోనే వెళ్లిపోయాడు, డగ్లస్ కూడా. తను గీసిన అమ్మాయిని మార్కెటింగ్ వాళ్లు అందాల బొమ్మలా అమ్ముకోవడం అతనికి నచ్చలేదు. హిట్ అయిన గేమ్ మీద రావాల్సిన డబ్బు వదులుకుని బ్రిస్టల్‌లో సొంత స్టూడియో పెట్టుకున్నాడు, అక్కడ చేసిన గ్యాలియన్ బయటికి రావడానికి 2004 అయింది. కోర్ పతనం ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే నేను ఈ 1997నే చూపిస్తాను, 2003ని కాదు.

తర్వాత ఏడాదికి ఒకటి చొప్పున: 1997లో రెండు, 1998లో మూడు, 1999లో ది లాస్ట్ రెవెలేషన్, 2000లో క్రానికల్స్. ప్రతిదీ క్రిస్మస్ అమ్మకాలకి అందాలి. రెండోది చేసేసరికే మొదటి టీమ్ అలసిపోయి మాకు వేరే పని ఇవ్వండి అంటే ప్రాజెక్ట్ ఈడెన్ అనే కొత్త గేమ్‌కి మార్చారు, అది 2001లో వచ్చింది, మంచి గేమే గానీ జనం పట్టించుకోలేదు. మూడో భాగం నుంచి పని ఇంకో టీమ్ మీద పడింది. వాళ్లు ఎంత విసిగిపోయారంటే 1999 గేమ్ చివర్లో ఈజిప్టులో గుడి కూలి లారా మీద పడేలా చేసి, ఆమెని చంపేశారు. ఇక చాలు అని చెప్పడానికి వాళ్లకి దొరికిన దారి అదే. అయినా మరుసటి ఏడాది ఇంకొకటి కావాలన్నారు. చనిపోయిన లారాని తలుచుకుంటూ స్నేహితులు పాత సాహసాలు చెప్పుకున్నట్టు క్రానికల్స్ చేశారు. అది ఆడితే అలసట తెలిసిపోతుంది, ఆ గేమ్ మీద నాకు కోపం రాదు, వాళ్ల మీద జాలే వేస్తుంది.

---

లెవెల్_డిజైనర్_హైద్ రాశారు:

పాతకన్సోల్ అన్న చెప్పింది నిజం. నేను గేమ్స్‌లోనే పనిచేస్తాను, హైదరాబాద్‌లో, కాబట్టి లోపలి పని వైపు నుంచి కొంచెం కలుపుతాను.

పాత టూంబ్ రైడర్ మొత్తం గళ్ల మీద నడుస్తుంది. నిలబడి దూకితే ఒక గడి ఖాళీ దాటుతుంది, పరిగెత్తి దూకితే రెండు, పరిగెత్తి దూకి అంచు పట్టుకుంటే మూడు. అంచు దాకా నడిచి, ఒక్కసారి వెనక్కి ఎగిరి, అక్కడి నుంచి పరుగు మొదలుపెడితే సరిగ్గా అంచు దగ్గర లేస్తుంది. అంటే ఆడేవాడు ఒక గుంట చూడగానే లెక్క కట్టగలడు. లెవెల్ చేసేవాడికి కూడా అదే లెక్క. అదొక ఒప్పందం, ఆటగాడికీ డిజైనర్‌కీ మధ్య. చచ్చిపోతే తప్పు నాదే అనిపిస్తుంది, గేమ్‌ది అనిపించదు. ఈ రీమాస్టర్‌లో కొత్త కంట్రోల్స్ పెట్టి ఆడితే ఆ ఒప్పందం చెడిపోతుంది, దయచేసి పాత ట్యాంక్ కంట్రోల్స్‌తో (ఎడమ, కుడి నొక్కితే లారా ఉన్నచోటే తిరిగే పద్ధతి) ఆడండి, మొదటి గంట చిరాకుగా ఉంటుంది, తర్వాత చెయ్యి దానంతటదే తిరుగుతుంది.

ఐదు గేమ్స్ ఒకే ఇంజిన్ (గేమ్‌ని నడిపే అసలు ప్రోగ్రామ్) మీద, ఇవే గళ్ల మీద చేశారు. అందుకే ఏడాదికొకటి సాధ్యమైంది. కానీ ప్లేస్టేషన్ 2 వచ్చేసరికి అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది, కొత్త ఇంజిన్, కొత్త టూల్స్, లారా బొమ్మలో ఎన్నో రెట్లు వివరం. మామూలుగా దీనికి అనుభవం ఉన్నవాళ్లని ఏడాదైనా వదిలేసి, ముందు చిన్న గదిలో పరుగు, దూకడం సరిగ్గా వచ్చేదాకా వేరే పని ముట్టుకోనివ్వకూడదు. కోర్‌లో ఆ ఖాళీ దొరకలేదు. కొందరు క్రానికల్స్ పూర్తి చేస్తుంటే ఇంకొందరు ఏంజెల్ ఆఫ్ డార్క్‌నెస్ మొదలుపెట్టారు, వీళ్లు వచ్చి చేరేసరికి చాలా పని మళ్లీ మొదటికి వచ్చింది.

పైగా ఆశలు చాలా పెద్దవి. పారిస్ వీధుల్లో తిరిగి మనుషులతో మాట్లాడటం, జవాబుని బట్టి కథ మారడం, దొంగచాటుగా నడవడం, కర్టిస్ అని రెండో హీరో, లారాకి బలం పెరగడం, అంచు పట్టుకుంటే పట్టు సడలిపోవడం, ఇవన్నీ ఒకే గేమ్‌లో. గళ్లు తీసేశారు. గళ్లు తీసేస్తే ఆ లెక్క పోతుంది, దాని బదులు ఆటగాడికి ఇంకేదో గట్టిది ఇవ్వాలి, అది ఇవ్వడానికి టైం లేదు. ఫలితంగా బటన్ నొక్కాక లారా ఒక క్షణం ఆలోచించి కదిలినట్టు ఉంటుంది. ఎత్తు మీద అంచున నిలబడి ఆడేవాడికి ఆ క్షణం ఎంత టెన్షనో ఆడినవాళ్లకి తెలుసు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. నేను ఇంతకుముందు చేసిన ఒక చోట (పేరు వద్దు) ఒక మొబైల్ గేమ్ బాగా ఆడింది. మరుసటి నెలే సీక్వెల్, దాని తర్వాత పండగ ఎడిషన్, ఇంకో ఎడిషన్. టూల్స్ బాగుచేసుకోవడానికి రెండు నెలలు అడిగితే ఇవ్వలేదు, ఎందుకంటే ఉన్నదానితో పని నడుస్తోంది కదా అన్నారు. మూడో ఏడాదికి ఆ కోడ్ ముట్టుకోవాలంటేనే భయం వేసేది, అది రాసిన ఇద్దరూ అప్పటికే మానేశారు. ఆ రెండు నెలలు మాకు ఎప్పటికీ దొరకలేదు. అందుకే కోర్ కథ చదివినప్పుడల్లా నాకు బయటివాళ్ల కథలా అనిపించదు.

---

నీలి_సముద్రం రాశారు:

ఇద్దరూ బాగా రాశారండీ, కానీ పబ్లిషర్‌నే దోషిని చేసినట్టుంది. నేను కొంచెం విభేదిస్తాను.

హీత్-స్మిత్ స్టూడియో పెద్ద మాత్రమే కాదు, ఈడోస్ బోర్డులో కూడా ఉన్నాడు. అంటే ఏడాదికి ఒక గేమ్ అని అడిగే చోటా, సరే చేస్తాం అని ఒప్పుకునే చోటా ఆయన ఉన్నాడు. టీమ్ అలసిపోయిందని ఆయనకి తెలియకుండా ఉండదు. ప్లేస్టేషన్ 2 గేమ్ పరిధి తగ్గించండి అని చెప్పాల్సింది కూడా ముందు డెర్బీలోనే. ఒకేసారి పెద్ద కథ రాసుకుని, అది వరసగా ఇంకొన్ని గేమ్స్‌గా సాగాలని అనుకుని, అందులోంచి ముక్కలు కోసుకుంటూ పోయారు. అందుకే ఆడుతుంటే కొన్ని పాత్రలు వచ్చి ఏమీ చేయకుండానే మాయమవుతాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఆ గేమ్ 2002 చివర్లో రావాల్సింది, వాయిదాల మీద వాయిదాలు పడి 2003 జూన్‌లో వచ్చింది. ఈడోస్ లెక్కల సంవత్సరం జూన్ ఆఖరుకి ముగుస్తుంది, అది దాటితే ఆ ఏడాది లెక్కల్లోకి రాదు. పైగా జులైలో రెండో హాలీవుడ్ సినిమా. అందుకని పూర్తికాని గేమ్‌ని బయటికి పంపేశారు, బగ్స్‌తో సహా. తర్వాత సినిమాకి జనం రాకపోతే అది తీసిన పారమౌంట్ వాళ్లు ఆ నింద కూడా గేమ్ మీదే వేశారు. గేమ్ వచ్చి నెల తిరక్కుండానే హీత్-స్మిత్ బయటికి, ఆ తర్వాత టూంబ్ రైడర్ అమెరికాలో కాలిఫోర్నియాలోని క్రిస్టల్ డైనమిక్స్ అనే స్టూడియోకి.

అయినా ఒక మాట అనాలి. ఏంజెల్ ఆఫ్ డార్క్‌నెస్ అంటే నాకు ఇష్టం. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేయించిన సంగీతం, వాన పడే పారిస్, ప్రాగ్ రాత్రులు, అలసిపోయి కోపంగా ఉన్న లారా. ఇంకో ఏడాది ఇచ్చి ఉంటే అది గొప్ప గేమ్ అయ్యేదని నేను గట్టిగా నమ్ముతాను.

---

పాతకన్సోల్ రాశారు:

నీలి_సముద్రం గారూ, బోర్డు విషయం నేను వదిలేశాను, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. ఆయన్ని ఒక్కడినే నిందించలేం గానీ, మధ్యలో అడ్డు నిలబడాల్సిన మనిషి ఆయనే.

ఆ తర్వాత జరిగింది కూడా రాసేస్తాను, ఎందుకంటే చాలామంది 2003తో ఆపేస్తారు. హీత్-స్మిత్ తన సోదరుడు ఏడ్రియన్‌తో కలిసి డెర్బీలోనే సర్కిల్ స్టూడియో పెట్టాడు, కోర్ నుంచి చాలామంది అటు వెళ్లారు, 2005లో ఒక యాక్షన్ గేమ్ వచ్చింది, 2007లో అదీ మూతపడింది. మిగిలినవాళ్లు కోర్‌లో పీఎస్‌పీకి (చేతిలో పట్టుకుని ఆడే ప్లేస్టేషన్) చిన్న గేమ్స్ చేస్తూ గడిపారు. 2005లో ఈడోస్‌ని ఎస్‌సీఐ అనే ఇంకో గేమ్ కంపెనీ కొంది.

ఇక నా మనసుకి బాగా తగిలేది ఇది. లారాకి పదేళ్లు నిండుతున్నాయని కోర్ వాళ్లు మొదటి టూంబ్ రైడర్‌ని పీఎస్‌పీ కోసం మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. పుట్టిన ఇంట్లోనే పుట్టినరోజు చేద్దామన్నట్టు. దాన్ని ఆపేసి అదే పని క్రిస్టల్ డైనమిక్స్‌కి ఇచ్చారు, అది 2007లో యానివర్సరీగా వచ్చింది. డెర్బీవాళ్ల అసంపూర్తి బిల్డ్ 2021లో నెట్‌లో బయటపడింది, వీడియోలు చూస్తే పని బాగానే నడుస్తుండేదని తెలుస్తుంది. ఇంకో విచిత్రం, 1997లో వెళ్లిపోయిన టోబీ గార్డ్ అప్పటికి క్రిస్టల్ డైనమిక్స్‌లో చేరి 2006 నాటి లెజెండ్ మీద పనిచేశాడు. సృష్టికర్త లారా దగ్గరికి తిరిగొచ్చాడు, కానీ డెర్బీకి కాదు.

2006 మేలో కోర్ మనుషుల్ని, సామాన్లని రెబెలియన్ అనే ఇంకో బ్రిటిష్ గేమ్ కంపెనీ కొంది. కోర్ డిజైన్ అనే పేరు మాత్రం అమ్మలేదు, అది ఈడోస్ దగ్గరే ఉండిపోయింది. బోర్డు మీద పేరు రెబెలియన్ డెర్బీ అయింది. నాలుగేళ్ల తర్వాత, 2010లో అదీ మూసేశారు. ఇంగ్లండులోనే గిల్డ్‌ఫర్డ్‌లో బుల్‌ఫ్రాగ్ అనే గేమ్ స్టూడియోకి కూడా ఇంచుమించు ఇదే జరిగింది, 1995లో పెద్ద కంపెనీ కొంది, 2001కల్లా ఆ పేరు లేదు. అక్కడ కనీసం స్థాపించినవాళ్లు వేరే చోట మళ్లీ మొదలుపెట్టి కొన్నేళ్లు బాగానే నడిపారు.

---

డెర్బీ_నుంచి రాశారు:

నేను ఈ ఊళ్లోనే ఉంటానండీ, విమాన ఇంజిన్ల కంపెనీలో ఉద్యోగం మీద వచ్చి ఏడేళ్లయింది. మాది అనకాపల్లి. ఇక్కడ చాలామంది తెలుగువాళ్లం ఆ పని మీదే వచ్చాం, గేమ్స్ గురించి ఎవరూ మాట్లాడరు. వచ్చిన కొత్తలో కారు నేర్చుకుంటున్నప్పుడు ఇన్‌స్ట్రక్టర్ "లారా క్రాఫ్ట్ వే మీదకి తిప్పు" అన్నాడు. నేను సరిగ్గా విన్నానా అని మళ్లీ అడిగాను. నిజమే, ఊరి రింగ్ రోడ్డులో ఒక ముక్కకి ఆ పేరే పెట్టారు, 2010లో జనం ఓట్లు వేసి ఎంచుకున్న పేరు. అంటే ఆఖరి ఆఫీసు మూతపడిన ఏడాదే రోడ్డుకి ఆ పేరు వచ్చింది. పాతకన్సోల్ అన్న రాసిన తేదీ చూశాకే నాకు ఆ సంగతి తట్టింది.

ఆ ఆరుగురు మొదటి గేమ్ చేసిన ఆఫీసు ఆష్‌బోర్న్ రోడ్డులో ఒక పాత విక్టోరియా కాలం ఇల్లు. నేను వారానికి నాలుగుసార్లు ఆ రోడ్డు మీదుగా వెళ్తాను, ఇన్నాళ్లూ తెలియకుండానే.

---

లెవెల్_డిజైనర్_హైద్ రాశారు:

డెర్బీ అన్నా, వీలైతే ఆ వీధి ఫొటో ఒకటి పెట్టు, ప్లీజ్.

ఇంకొకటి అందరూ మర్చిపోతున్నారు. క్రానికల్స్ పీసీ సీడీతో పాటు కోర్ వాళ్లు తమ లెవెల్ ఎడిటర్‌ని కూడా ఇచ్చేశారు, 2000లో. వాళ్లు రోజూ పనిచేసిన పనిముట్టునే జనం చేతిలో పెట్టారు. దానితో అభిమానులు ఇప్పటికీ కొత్త లెవెల్స్ చేస్తూనే ఉన్నారు, వేల సంఖ్యలో ఉన్నాయి. గది ఎలా కట్టాలి, ఆటగాడి కన్ను ఎటు తిప్పాలి అనేది నేను కాలేజీలో నేర్చుకోలేదు, ఆ ఎడిటర్ ముందు కూర్చుని రాత్రిళ్లు నేర్చుకున్నాను. 2024లో వచ్చిన రీమాస్టర్‌ పని నడిపించిన ప్రోగ్రామర్ కూడా అంతకుముందు పాత గేమ్‌ని సొంతంగా విప్పి, బ్రౌజర్‌లో ఆడేలా ఓపెన్‌లారా అని కట్టిన అభిమానే. స్టూడియో లేదు గానీ ఆ గళ్ల లెక్క తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు.

---

బెజవాడ_గేమర్ రాశారు:

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందని అనుకోలేదు. మొత్తం రెండుసార్లు చదివాను, మా అన్నయ్యకి కూడా పంపాను, అతను ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు, వెంటనే ఫోన్ చేసి అర్ధగంట మాట్లాడాడు. లారాని చంపేసింది విసిగిపోయి అని నాకు అస్సలు తెలియదు. ఆ సీన్ చిన్నప్పుడు మేం ఇంటర్నెట్ లేక ఏదో బగ్ అనుకుని మళ్లీ మళ్లీ ఆడాం.

నిన్నటి నుంచి మూడో భాగం మొదలుపెట్టాను, అది మన దేశంలోనే మొదలవుతుంది కదా, అడవి, పులులు, మెడికిట్ ఎత్తుకుపోయే కోతి. తర్వాత గుడి శిథిలాల్లో ఆరు చేతుల్లో కత్తులతో విగ్రహాలు కదిలి వస్తాయి, అక్కడ ఇరుక్కున్నాను. డెర్బీలో కూర్చుని గంగానది లెవెల్ చేసిన మనిషి ఆ ఏడాది ఎన్ని రాత్రులు ఆఫీసులోనే ఉండిపోయాడో అనిపిస్తోంది ఇప్పుడు ఆడుతుంటే. హైద్ అన్నా, ట్యాంక్ కంట్రోల్స్‌కి మార్చాను. మొదటి గంట నిజంగానే చిరాకొచ్చింది. ఇప్పుడు వెనక్కి ఒక ఎగురు, పరుగు, దూకడం, చెయ్యి దానంతటదే వెళ్తోంది.

ఆ విగ్రహాల దగ్గర ఎటు నుంచి కాల్చాలో ఎవరైనా చెప్పండి.

---

పాతకన్సోల్ రాశారు:

అది కత్తులు అడ్డం పెట్టుకున్నంతసేపూ తూటాలు వృథా, తమ్ముడూ. దాని నుంచి దూరంగా పక్కకి ఎగురుతూ ఉండు, నీ వైపు నడిచి వచ్చేటప్పుడు కత్తులు దించుతుంది, అప్పుడు కాల్చు. షాట్‌గన్ ఉంటే అదే వాడు.

---

డెర్బీ_నుంచి రాశారు:

ఫొటో ఆదివారం పెడతానండీ. ఈ వారమంతా వాన.